ఎనిమిది నెలలైంది, ఇంకా బ్రెడ్డు దుకాణంలో వేలు చూపించే కొంటున్నాను

కావలి_లెక్కలు
కావలిలో తొమ్మిదేళ్లు పదో తరగతికి లెక్కలు చెప్పాను. ఇప్పుడు జర్మనీలో ఎర్లాంగెన్ అనే ఊళ్లో ఉంటున్నాను. మా ఆయన ఉద్యోగం ఇక్కడే. ఫిబ్రవరిలో వచ్చాం.

నిన్న బ్రెడ్డు దుకాణానికి వెళ్లాను. కావలసిన బ్రెడ్డు పేరు ఇంట్లో పదిసార్లు వల్లించుకుని మరీ వెళ్లాను. నా వంతు వచ్చింది, చెప్పాను. అమ్మే ఆవిడ ఏదో ఎదురు ప్రశ్న వేసింది. ముక్కలు కోసి ఇవ్వాలా అని అడిగి ఉంటుందని ఇంటికి వచ్చాక మా ఆయన చెప్పారు. అక్కడ మాత్రం నోరు పెగల్లేదు. వెనక నిలబడ్డ పెద్దాయన గడియారం చూసుకున్నాడు. వేలితో ఏదో చూపించి, ఆవిడ ఇచ్చింది తీసుకుని వచ్చేశాను. నలభై మంది పిల్లల ముందు నిలబడి త్రికోణమితి చెప్పింది నేనేనా అని దారంతా ఒకటే ఏడుపు.

అమ్మ రోజూ ఫోను చేస్తుంది. బాగున్నావా అంటుంది, బాగున్నానంటాను. అత్తగారు ‘నీకేం తల్లీ, ఇద్దరికి వంట, అంతేగా’ అంటారు. పైగా నెల్లూరు రొట్టెల పండుగలో స్వర్ణాల చెరువులో దిగి, విదేశాలకు వెళ్లాలని కోరుకుని విదేశీ రొట్టె పట్టుకున్నదాన్ని నేనే. ఇప్పుడు బాధగా ఉందంటే, కోరి తెచ్చుకున్నావు కదా అంటారు.

ఇంకొకటి. రెండు నెలల కిందట ఒక ఆదివారం పొద్దున మిక్సీలో దోసెల పిండి రుబ్బాను. సాయంత్రానికి తలుపు కింద ఒక ఉత్తరం కనిపించింది. చేతిరాత కావడంతో ఫోనులో పెట్టినా అనువాదం రాలేదు. మా ఆయన ఒకసారి చూసి ‘మిక్సీ వేయవద్దంటున్నారు’ అని పక్కన పెట్టేశారు. ఆ రోజు నుంచి మిక్సీ ముట్టుకోలేదు. మెట్ల మీద చప్పుడైతే, వాళ్లు దిగి వెళ్లేదాకా తలుపు వెనకే నిలబడుతున్నాను.

తొలి ఏడాది మీరు ఎలా గడిపారో చెప్పండి. ధైర్యం చెప్పవద్దు, ఏం చేశారో చెప్పండి.

పెన్నా_ఒడ్డు
మా అమ్మాయి మెల్‌బోర్న్ వెళ్లి ఆరేళ్లయింది. ఒక్కనాడు కూడా కష్టమని అనలేదు. ఆడపిల్ల పెళ్లయి అత్తారింటికి వెళ్లినా ఇదే కదమ్మా. కొత్త మనుషులు, కొత్త పద్ధతులు. సర్దుకుపోవాలి. ఏడాది ఓపిక పట్టు, అదే అలవాటవుతుంది.

ఒంగోలు_కోడలు
పెన్నా_ఒడ్డు పెదనాన్నగారూ, అత్తారింట్లో కూరగాయల బండి అబ్బాయితో బేరమాడగలం. బస్సు బోర్డు చదవగలం. అత్తగారితో పడకపోతే పక్కింటి పిన్నిగారితో చెప్పుకోగలం. ఈ అమ్మాయికి ఆ మూడూ లేవు. రెండూ ఒకటే అంటే ఎలా ఒప్పుకోమంటారు?

మీ అమ్మాయి చెప్పలేదంటే కష్టం లేదని కాదు. నేనూ మా నాన్నకు నాలుగేళ్లు చెప్పలేదు.

ఉలవపాడు_సపోటా
నిజం. ఫోనులో అందరూ బాగానే ఉంటారు.

మైపాడు_అల
కావలి_లెక్కలు, మూడు ప్రశ్నలు. బ్యాంకు ఖాతాలో మీ పేరు ఉందా? పాస్‌పోర్టు ఎవరి దగ్గరుంది? మీ ఆయన ఊళ్లో లేని రోజు జ్వరం వస్తే ఏ డాక్టరు దగ్గరికి వెళ్లాలో తెలుసా?

కావలి_లెక్కలు
ఖాతా ఇద్దరి పేరా ఉంది. పాస్‌పోర్టులు రెండూ ఒకే సొరుగులో ఉంటాయి, తాళం లేదు. డాక్టరు సంగతి తెలియదు. మా ఆయన మంచివారు, ఆ భయం లేదు. కానీ మూడో ప్రశ్న చదివి కాసేపు అలాగే ఉండిపోయాను.

ఒంగోలు_కోడలు
నేను చేసింది చెప్పమన్నారు కాబట్టి కొంచెం పొడవుగా రాస్తున్నాను.

2012లో అమెరికాలోని టెక్సాస్ వచ్చాను, హెచ్-4 వీసా మీద. ఉద్యోగం మీద వచ్చినవాళ్ల భార్యాబిడ్డలకు ఇచ్చే వీసా అది. ఉద్యోగం చేయడానికి వీల్లేదు. అక్కడి గుర్తింపు సంఖ్య అయిన సోషల్ సెక్యూరిటీ నంబరు ఇవ్వరు. ఫోను, కరెంటు, ఇంటి అద్దె, ఏ కాగితం మీద చూసినా ఆయన పేరే. ఒంగోలులో బ్యాంకు ఉద్యోగం చేసి వచ్చినదాన్ని, చింతపండు కొనాలన్నా శనివారం దాకా ఆగేదాన్ని. నడిచి వెళ్లే దూరంలో ఏ దుకాణమూ లేదు. బయటికి వస్తే కాలిబాట కూడా కొంతదూరం పోయి ఆగిపోతుంది.

నన్ను నిలబెట్టింది డ్రైవింగ్ లైసెన్సు. మా ఆయన రెండు ఆదివారాలు నేర్పించారు. రెండుసార్లూ గొడవపడి ఇంటికి వచ్చాం. ఆ తర్వాత ఇంటి ఖర్చులో మిగిల్చిన డబ్బుతో ఒక డ్రైవింగ్ బడిలో చేరాను. పరీక్షలో రోడ్డు పక్కన రెండు గుర్తుల మధ్య బండిని వెనక్కి పెట్టమంటారు. అక్కడే రెండుసార్లు తప్పాను. మూడోసారి నెగ్గాను. ఆ రోజు ఒక్కదాన్నే దుకాణానికి వెళ్లి కొత్తిమీర కట్ట ఒకటి కొనుక్కుని వచ్చాను. ఇంట్లో రెండు కట్టలు ఉన్నాయి, అయినా కొన్నాను.

తర్వాత ప్రతి మంగళవారం గ్రంథాలయానికి వెళ్లేదాన్ని. అక్కడ ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే ఉచిత తరగతి ఉండేది. నాకు ఇంగ్లీషు వచ్చు, కానీ వాళ్ల ఉచ్చారణ చెవికి ఎక్కేది కాదు. ఒక మెక్సికో ఆవిడ, ఒక వియత్నాం ఆవిడ, నేను ఒకే బల్ల దగ్గర కూర్చునేవాళ్లం. మంగళవారం వస్తోందంటే సోమవారం రాత్రే చీర తీసి పెట్టుకునేదాన్ని.

హెచ్-4 వాళ్లలో కొందరికి పని అనుమతి ఇచ్చే నిబంధన 2015 మే నెలలో వచ్చింది. భర్త గ్రీన్‌కార్డు ప్రయత్నంలో ఐ-140 అనే దరఖాస్తు ఆమోదం అయిన వాళ్లకు అది వర్తిస్తుంది. నాకు కార్డు 2016లో చేతికొచ్చింది. ఆ నాలుగేళ్లూ ఓపిక పట్టి గడపలేదు పెదనాన్నగారూ, మంగళవారాలు లెక్కపెట్టుకుని గడిపాను.

గూడూరు_నిమ్మ
నేను న్యూరెంబర్గ్‌లో ఏడేళ్లు ఉండి వచ్చాను, మీ పక్క ఊరే. ముందు ఆదివారం సంగతి చెబుతాను. జర్మనీలో ఆదివారం శబ్దం చేయకూడదు. దుకాణాలు కూడా మూసేస్తారు. మిక్సీ, డ్రిల్లింగు, గోడకు మేకు కొట్టడం ఏవీ కుదరవు. ఖాళీ గాజు సీసాలు వీధి డబ్బాలో వేసినా చప్పుడని అంటారు. రాత్రి పది నుంచి పొద్దున ఆరు వరకు రోజూ ఇదే నియమం. మీరు పరాయివాళ్లని పెట్టిన నియమం కాదిది, అక్కడ పుట్టినవాళ్లకూ ఇదే.

ఆ ఉత్తరం ఫొటో ఇక్కడ పెట్టండి. పేరు, చిరునామా కనబడకుండా చూసుకోండి. చేతిరాత చదవగలను.

రెండో మాట భర్తల వైపు నుంచి. మొదటి ఏడాది వచ్చిన ప్రతి ఉత్తరమూ నేనే చదివాను, ప్రతి ఫోనూ నేనే మాట్లాడాను. మా ఆవిడకు శ్రమ లేకుండా చేస్తున్నానని గర్వపడ్డాను. ఒకసారి పది రోజులు పని మీద వేరే ఊరు వెళ్లాను. తిరిగొచ్చేసరికి వంటింట్లో మూడు సంచుల చెత్త ఉంది. ఏ రోజు ఏ రంగు డబ్బా బయట పెట్టాలో ఆమెకు తెలియదు. తప్పు డబ్బాలో వేస్తే ఎవరైనా ఏమైనా అంటారేమోనని అన్నీ ఇంట్లోనే దాచింది. నేను చేసిన సాయం ఆమెను ఆ ఇంట్లో అతిథిని చేసిందని ఆ రోజు అర్థమైంది. ఇప్పటికీ ఆ సంచులు తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

మైపాడు_అల
గూడూరు_నిమ్మగారి పోస్టు చదివి ప్రతి మగవాడూ భార్యకు చెత్త డబ్బాల రంగులు చెప్పాలి. ముందు తనూ నేర్చుకోవాలి.

ఉదయగిరి_గరిటె
మా అమ్మ చెబుతుంటే నేను టైపు చేస్తున్నాను. అమ్మ 2009 నుంచి 2018 వరకు కువైట్‌లో ఇంటి పని చేసింది. ఇక్కడ అమెరికా, జర్మనీ అంటుంటే తన సంగతీ రాయమంది.

అమ్మ మాటల్లోనే: ‘దిగిన రోజే పాస్‌పోర్టు తీసుకుని మామా బీరువాలో పెట్టింది. మామా అంటే ఆ ఇంటి యజమానురాలు, మేమలాగే పిలవాలి. ఉప్పును మిల్హ్ అంటారు, అన్నాన్ని ఐష్ అంటారు. మొదటి నెల వాళ్లు ఒకటి అడిగితే నేను ఇంకొకటి తెచ్చేదాన్ని. చిన్నపిల్ల ఉండేది, నాలుగేళ్లది. దానికి అన్నం తినిపిస్తూ గిన్నె చూపించి ఇదేమిటి, నీళ్లు చూపించి ఇదేమిటి అని అడిగేదాన్ని. అదే నాకు అరబ్బీ నేర్పింది. పిల్లలు నవ్వుతారు కానీ చులకన చేయరు. ఆరు నెలలకు మామా ఫోనులో మాట్లాడేదంతా తెలిసేది. తెలిసినట్టు ఎవరికీ చెప్పలేదు.

శుక్రవారం సెలవు ఇస్తారని ఏజెంటు చెప్పాడు. రెండేళ్లు ఇవ్వలేదు. తర్వాత నెలకొక శుక్రవారం ఇచ్చారు. ఆ రోజు మన వైపు ఆడవాళ్లం అంతా ఒకచోట చేరి గోంగూర పచ్చడి, అన్నం తినేవాళ్లం. ఆ ఒక్క పూటే నన్ను పేరు పెట్టి పిలిచేవాళ్లు.’

2015లో కువైట్ ఇంటి పనివాళ్ల కోసం విడిగా చట్టం తెచ్చింది. వారానికి ఒక రోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అని అందులో ఉంది. అమ్మకు ఆ సంగతి తిరిగొచ్చాకే తెలిసింది. ఇంటి పనికి గల్ఫ్ వెళ్లే ఆడవాళ్లకు ముప్పై ఏళ్లు నిండి ఉండాలని మన ప్రభుత్వ నిబంధన కూడా ఉంది. అమ్మ వెళ్లేటప్పటికి ఇరవై ఆరు. ఎలా పంపారని అడగవద్దు, ఏజెంటు పంపాడు.

మైపాడు_అల
పాస్‌పోర్టు ఎక్కడుందని నేను అడిగింది ఇందుకే. అక్కడ మామా బీరువాలో, కొందరి ఇళ్లలో మొగుడి బీరువాలో. నా స్నేహితురాలు న్యూజెర్సీలో మూడేళ్లు దెబ్బలు తింది. వీసా నా వల్లే వచ్చింది, పోలీసులకు చెబితే నిన్నే పంపించేస్తారని అతను బెదిరించేవాడు. అది అబద్ధమని ఆమెకు తెలియదు. అక్కడ దక్షిణాసియా ఆడవాళ్ల కోసం 1985 నుంచి పనిచేస్తున్న ‘మానవి’ అనే సంస్థ ఉంది. ఆలయంలో ఎవరో చెబితే వాళ్లకు ఫోను చేసింది. ఇప్పుడు సొంతంగా ఉంటోంది. సర్దుకుపోవాలి అని రాసేవాళ్లు ఏ మేరకు అన్నది కూడా రాయాలి.

పెన్నా_ఒడ్డు
దెబ్బలు తినమని నేను ఎక్కడా అనలేదమ్మా. పాపం, ఆ కువైట్ తల్లి కథ చదివి రెండుసార్లు కళ్లు తుడుచుకున్నాను. కానీ ఈ కావలి అమ్మాయి సంగతి వేరు కదా. మంచి భర్త, మంచి దేశం. చిన్న విషయాలకు కుమిలిపోవద్దన్నది నా ఉద్దేశం.

ఉలవపాడు_సపోటా
చిన్న విషయాలే అన్నయ్యా మనిషిని తినేసేవి. నాకు యాభై ఎనిమిదేళ్లు. అమ్మాయి కాన్పుకు అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండి వచ్చాను. పొద్దున ఎనిమిదికి అల్లుడు పనికి వెళ్లేవాడు. అమ్మాయి, పసిబిడ్డ నిద్రపోయేవాళ్లు. కిటికీలోంచి చూస్తే వీధిలో ఒక్క మనిషి కనబడడు. మా ఊళ్లో అరుగు మీద కూర్చుంటే గంటలో ఇరవై మంది పలకరిస్తారు. అక్కడ కొరియరు బండి వస్తే చాలు, లేచి నిలబడి చూసేదాన్ని. పొయ్యి మీద పోపు పెడితే పొగ గంట మోగేది. మొదటిసారి మోగినప్పుడు ఇల్లు కాలిపోతోందని బిడ్డను ఎత్తుకుని చెప్పులు లేకుండా మంచులోకి పరుగెత్తాను.

ఆరు నెలలకే నాకు అలా ఉంటే, వయసులో ఉన్న పిల్లలు ఏళ్ల తరబడి ఎలా ఉంటారో!

చీమకుర్తి_బడి
ఇంకో వైపు నుంచి చెప్పాలనిపించింది. మాది చీమకుర్తి, గెలాక్సీ గ్రానైటు ఊరు. క్వారీల్లో పనిచేసేవాళ్లలో ఒడిశా, బీహార్, రాజస్థాన్ వాళ్లు చాలామంది. వాళ్ల పిల్లలు మా బడికి వస్తారు. తల్లులు గేటు దగ్గరే ఆగిపోతారు, లోపలికి రారు. ఒక ఒడియా తల్లి ఏడాదిపాటు ప్రతిరోజూ గేటు దగ్గర నిలబడి వెళ్లేది. నేను రోజూ చూసేదాన్ని, ఒక్కరోజు కూడా పలకరించలేదు. భాష రాదని ఊరుకున్నాను. కావలి_లెక్కలు రాసిన తలుపు వెనక నిలబడటం చదివాక ఆమె గుర్తొచ్చింది.

నిన్న వెళ్లి పేరు అడిగాను. చెప్పింది. తెలుగులోనే చెప్పింది! అంగన్‌వాడీ ఆయమ్మ దగ్గర నేర్చుకుందట. ‘టీచరమ్మా, బాబు ఎక్కాలు చెబుతున్నాడా’ అని అడిగింది. ఏడాదిగా ఆ ప్రశ్న మనసులో పెట్టుకుని నిలబడింది ఆమె.

ఒంగోలు_కోడలు
చీమకుర్తి_బడి, మీ పోస్టు మా ఇంట్లో అందరికీ చదివి వినిపించాను.

కావలి_లెక్కలు
ఉత్తరం ఫొటో పెడుతున్నాను. ఉదయగిరి అమ్మగారికి నమస్కారం చెప్పండి. ఆవిడ పడ్డదాని ముందు నాది రాయడానికే సిగ్గుగా ఉంది.

ఉదయగిరి_గరిటె
అమ్మ అంటోంది: ‘ఏడుపుకు కొలతలేమిటి తల్లీ, ఎవరిది వాళ్లదే.’

గూడూరు_నిమ్మ
చదివాను. అనువాదం ఇదిగో:

‘కొత్తగా వచ్చిన పొరుగువారికి. ఆదివారం ఉదయం మీ ఇంట్లోంచి యంత్రం శబ్దం గట్టిగా వినిపించింది. మన భవనంలో ఆదివారం నిశ్శబ్దం పాటిస్తాం. మిగతా రోజుల్లో మధ్యాహ్నం ఒకటి నుంచి మూడు వరకు తప్ప పగలు ఎప్పుడైనా వాడుకోండి. అడుగు అంతస్తులో బట్టలు ఆరేసుకునే గది ఉంది. దాని తాళం మీకు ఇచ్చారో లేదో తెలియదు. నా దగ్గర ఇంకొకటి ఉంది. సాయంత్రాలు ఇంట్లోనే ఉంటాను, గంట నొక్కండి.’

అంతే. మర్యాదగానే రాశారు.

కావలి_లెక్కలు
బట్టలు ఆరేసే గది ఉందా? ఎనిమిది నెలలుగా పడకగదిలో హీటరు మీద ఆరేస్తున్నాను. గోడకు చెమ్మ పట్టి నల్లబడితే రోజూ తుడుస్తున్నాను.

మైపాడు_అల
మర్యాదగా రాసినా ఫిర్యాదు ఫిర్యాదే. పైకి వచ్చి తలుపు తట్టి చెప్పవచ్చు కదా. ఎప్పుడూ మనమే వెళ్లి గంట నొక్కాలా?

గూడూరు_నిమ్మ
వాళ్లు తలుపు తట్టరు. చెప్పకుండా ఒకరి ఇంటికి వెళ్లడం అక్కడ అమర్యాద. ఉత్తరం రాయడమే వాళ్ల పలకరింపు. మీ కోపం అర్థమైంది, కానీ ఆ ఉత్తరంలో సగం సాయం చేస్తాననే ఉంది.

కావలి_లెక్కలు, మీ నివాస అనుమతి కార్డు తీసి చూడండి. ‘ఎర్వెర్బ్‌స్టేటిగ్‌కైట్ ఎర్లౌబ్ట్’ అని ఉంటే మీరు ఉద్యోగం చేయవచ్చని అర్థం. బ్లూ కార్డు, అంటే పెద్ద చదువులున్న విదేశీ ఉద్యోగులకిచ్చే అనుమతి మీద వచ్చినవాళ్ల భార్యలకు మొదటి రోజు నుంచే ఆ హక్కు ఉంది. ఒంగోలు అక్కలా మీరు నాలుగేళ్లు ఆగనక్కరలేదు. ప్రభుత్వ బడిలో టీచరు కావడం పెద్ద దారి, చదువు గుర్తింపుతోనే ఏళ్లు పడుతుంది. కానీ పిల్లలకు లెక్కల ట్యూషన్‌కు అక్కడ గిరాకీ ఉంది. లెక్కల గుర్తులు ఏ దేశంలోనైనా చాలావరకు ఒకటే కదా.

భాషకు ఫోక్స్‌హోఖ్‌షూలె అనే వయోజన విద్యాలయం చాలా ఊళ్లలో ఉంటుంది. సమైక్యతా కోర్సు అని అడగండి. భాషకు 600 గంటలు, ఆ దేశపు చట్టాలు, చరిత్రకు 100 గంటలు. ముందు మీ స్థాయి చూసే పరీక్ష పెడతారు.

ఇంకో మాట, మీరు నెల్లూరు జిల్లా మనిషి. చేపలు దొరకడం లేదని మనసులో ఉండే ఉంటుంది. ఎర్లాంగెన్ చుట్టుపక్కల అన్నీ చేపల చెరువులే. సెప్టెంబరు నుంచి ఏప్రిల్ దాకా కార్ప్‌ఫెన్ అమ్ముతారు. అది మన బొచ్చె, శీలావతి కుటుంబపు చేపే. ముళ్లు ఎక్కువ, రుచికి లోటు లేదు.

ఉలవపాడు_సపోటా
చేపలు దొరికాయంటే ఇక సగం కావలి అక్కడికి వచ్చినట్టే!

పెన్నా_ఒడ్డు
నిన్న రాత్రి అమ్మాయికి ఫోను చేశాను. మీరంతా రాసింది చదివాక మనసు ఆగలేదు. మొదటి ఏడాది నిజంగా ఎలా ఉండేదమ్మా అని అడిగాను. కాసేపు మాట్లాడలేదు. ఆ రోజుల్లో వీడియో ఫోను చేసినప్పుడల్లా కెమెరా అటు తిప్పి పెరట్లో గులాబీలు చూపించేది. పూలంటే దానికి ఎంత ఇష్టమో అని మా ఆవిడతో చెప్పి మురిసిపోయేవాణ్ని. ఏడ్చిన మొహం మాకు కనబడకుండా అలా చేసేదట.

గంటన్నర మాట్లాడింది. నేను వింటూ కూర్చున్నాను. మొదట రాసిన మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఒంగోలు_కోడలు
పెదనాన్నగారూ, ఇది మా నాన్నకు పంపిస్తున్నాను.

కావలి_లెక్కలు
నాలుగు రోజుల తర్వాత రాస్తున్నాను.

కార్డు చూశాను. ఆ మాటలు ఉన్నాయి. ఎనిమిది నెలలుగా పర్సులోనే ఉన్నాయి. స్థాయి పరీక్షకు నవంబరులో తేదీ ఇచ్చారు. ఒక్కదాన్నే వెళ్లి అడిగాను. చెప్పాల్సిన మూడు వాక్యాలూ కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసుకుని వెళ్లాను.

ఉత్తరం రాసిన కింది అంతస్తు ఆవిడ ఇంటి గంట నొక్కాను. డెబ్బై దాటి ఉంటుంది. నన్ను చూసి ఉత్తరం సంగతి తనే ఎత్తింది. ఆవిడ మాటల్లో సగమే తెలిసింది. తాళం ఇచ్చింది. ఆరేసే గదిలో ఏ తీగ ఎవరిదో చేత్తో చూపించింది. చివరి తీగ మనదేనట, ఇన్నాళ్లూ ఖాళీగానే ఉంది.

అమ్మకు కూడా చెప్పాను, బాగాలేనని. ఏడుస్తుందనుకున్నాను. ‘నీ గొంతు వింటే తెలియదటే, నువ్వే చెబుతావని ఆగాను’ అంది.

బ్రెడ్డు దుకాణం ఇంకా బాకీ. ముక్కలు కోయమని చెప్పే మాట కాగితం మీద ఉంది, శనివారం వెళతాను. ఒక సందేహం. కార్ప్‌ఫెన్ శుభ్రం చేసి, ముక్కలు కోసి ఇస్తారా, మనమే చేసుకోవాలా? పచ్చి మామిడికాయ ఇక్కడ దొరకదు. పులుసులోకి ఏం వేయాలి?

గూడూరు_నిమ్మ
శుభ్రం చేసి ఇస్తారు. అలవాటుగా నిలువునా రెండు సగాలు చేసేస్తారు, వాళ్లు వేయించుకుంటారు కాబట్టి. అడ్డంగా కోయమని చేత్తో చూపించండి.

ఉదయగిరి_గరిటె
అమ్మ అంటోంది: ‘మామిడికాయ లేకపోతే చింతపండు కాస్త ఎక్కువ వేసి, దించేముందు పుల్లటి ఆపిల్ ముక్కలు నాలుగు వెయ్యి. కువైట్‌లో అలాగే చేసేదాన్ని. పులుసు శనివారం వండి ఆదివారం తిను. ఆదివారం మిక్సీ పని ఉండదు.’